మధ్యలో మానేసినవాళ్ళు

మార్కాపురం,
జూలై 9.

హరితా,

ఫోన్లో మాట్లాడితే మీ ఇంట్లో అందరి చెవులూ మన మాటల మీదే ఉంటాయన్నావు. అందుకే హాస్టల్ వదిలాక ఇన్నాళ్ళకి మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే మీ జూనియర్ కాలేజీ అడ్రసుకి పంపుతున్నాను.

కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. అసహ్యంగా ఉంది. ఇంతకన్నా మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు.

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పడం నా పని. హాజరుపట్టీ నిండా పేర్లున్నాయి, బెంచీల మీద మనుషుల్లేరు. రానివాళ్ళు పలకల ఫ్యాక్టరీల్లోనో సెల్‌ఫోన్ దుకాణాల్లోనో పనిచేసుకుంటూ ఉంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఇల్లు గడవాలి కదా. కానీ రోజూ సాయంత్రం క్లర్కు ఆ పట్టీ తెచ్చి ఖాళీల్లో హాజరు నింపమంటాడు. లెక్చరర్లందరూ నింపుతారు. ఒక చేత్తో నింపుతూ ఇంకో చేత్తో బిస్కెట్టు టీలో ముంచుకుని తింటారు.

ప్రాక్టికల్ రికార్డులు దిద్దాను. నాణెం వంద సార్లు ఎగరేసి, బొమ్మ పడిందో బొరుసు పడిందో రాసుకురమ్మన్నాను. అందరికీ ఒకే వరస! ఒకడికి బొమ్మ పడినచోట అందరికీ బొమ్మే. ఒకడు పొరపాటున రాసి కొట్టేసి దిద్దుకుంటే, మిగతావాళ్ళందరూ అక్కడే కొట్టేసి దిద్దారు. ఆ రికార్డులు పట్టుకుని ప్రిన్సిపాల్ నరసింహులు గారి గదికి వెళ్ళాను. ఆయన చూడనైనా చూడలేదు. "ఏందమ్మా రేచల్, నాణెం ఎవురు ఎగరేస్తే ఏంది? పడేది బొమ్మో బొరుసో గదా. ఇంటర్నల్ మార్కులు మాత్రం తగ్గించబాక" అన్నాడు.

నిన్న సంభావ్యత మొదలుపెట్టాను. "రేపు చంద్రశేఖరపురంలో వాన పడే అవకాశం ఎంత?" అని అడిగితే వెనక బెంచీ కుర్రాడు లేచి, "సగం మేడం. పడతాది, లేకుంటే పడదు. రెండే గదా" అన్నాడు. "వాన అవకాశం సగమైతే మన వైపు జనం ఇన్ని బోర్లు ఎందుకు వేసుకుంటార్రా?" అన్నాను. క్లాసు నవ్వింది. ఆ ఊపులో, "ఇవాళ క్లాసుకి రానివాళ్ళు చేతులెత్తండి" అన్నాను. ఎవరూ ఎత్తలేదు. "చూశారా, మన హాజరు నూటికి నూరు" అని బోర్డు మీద రాశాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. దొనకొండ నుంచి రైల్లో వచ్చే జెస్సీ అనే అమ్మాయి మాత్రం, "మేడం, రానోళ్ళు ఈడ ఉంటే గదా చెయ్యెత్తేది" అంది. ఏ లెక్కయినా నమ్మే ముందు అందులో ఎవరిని అడగలేదో వెతకండి అని చెప్పాను. ఇక్కడికి వచ్చాక నేను జీతం పుచ్చుకోదగ్గ పని చేసింది ఆ కాసేపే.

నువ్వెలా ఉన్నావు?

నీ
రేచల్


గిద్దలూరు,
జూలై 21.

ప్రియమైన రేచల్,

నీ ఉత్తరం ఇంటర్ పిల్లల జవాబు పత్రాల మధ్య దాచుకుని చదివాను. కొట్టేసి దిద్దినచోట అందరూ కొట్టేసి దిద్దారన్న మాటకి స్టాఫ్ రూములో గట్టిగా నవ్వేశాను. అందరూ నా వైపు చూశారు. ఇంట్లో అలా నవ్వి చాలా కాలమైంది.

నా సంగతేముంది. ఉదయం కాలేజీలో రెండు క్లాసులు, తర్వాత వంటిల్లు. అత్తయ్య హైమావతి గారు వారంలో సగం రోజులు నంద్యాలలో మా ఆడపడుచు ఇంట్లోనే ఉంటున్నారు. పని మొత్తం నా మీద పడింది.

ఒక మంచి మాట చెప్తాను. మా మామయ్య హనుమంతరావు గారు నల్లమల మూలికలతో కిడ్నీ చూర్ణం తయారు చేయిస్తున్నారు కదా, అది బాగా నడుస్తోంది. చంద్రశేఖరపురం వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువమంది కొంటున్నారు. అది ఎంతమందికి పనిచేసిందో ఒక కాలేజీ చేత సర్వే చేయించాలని మా ఆయన ఫణికృష్ణ అనుకుంటున్నారు. నీ పేరు నేనే చెప్పాను. మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడేశారు కూడా. నీ పిల్లలు నాలుగు ఊళ్ళు తిరిగి నిజంగా లెక్క సేకరిస్తారు, నీకూ ఆ దొంగ రికార్డుల పీడ వదులుతుంది. కోపం తెచ్చుకోకుండా ఒప్పుకో.

నీ
హరిత


మార్కాపురం,
సెప్టెంబర్ 3.

హరితా,

ముందు నీకు థాంక్స్. తర్వాత ఒక చెడ్డ మాట.

పిల్లలు మారిపోయారు. ఎండలో పల్లెలు తిరిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే క్లాసులోకి జొరబడి ప్రశ్నలు వేస్తున్నారు. "మేడం, బాగుందా అంటే అందరూ బాగుందనే అంటాండారు. మొగమాటానికి అంటాండారేమో. ఇంకోమాదిరిగా అడగాల్నా?" అని ఆ వెనక బెంచీ కుర్రాడే అడిగాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రశ్న ఎలా అడగాలో వాళ్ళే వాదించుకుని మార్చుకున్నారు. రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతున్నారు, నడిస్తే ఆయాసం వస్తోందా, కాళ్ళకి నీరు పడుతోందా, ఆస్పత్రి మాత్రలు వేసుకుంటున్నారా మానేశారా - ఇవన్నీ అడుగుతున్నారు.

ఇక చెడ్డ మాట. మీవాళ్ళు ఇచ్చిన పేర్లన్నీ చూర్ణం మూడు నెలలూ పూర్తిగా వాడినవాళ్ళవే. జెస్సీ ఆ పేర్లు చూసి, "మేడం, మొదలుపెట్టి నిలిపేసినోళ్ళు ఎవురూ లేరా?" అంది. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "మధ్యలో మానేసినవాళ్ళు లెక్కలోకి రారు మేడం" అన్నారు. సరే, వాళ్ళెవరో మేమే కనుక్కుందామని పిల్లలు ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

నరసమ్మ అని ఒకామె. ఇంటి ముందు కంది కట్టెలు విరుస్తోంది. ఆమె మొగుడు చూర్ణం వాడాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

"మీ ఆయన మధ్యలో మానేసినాడంట గదమ్మా, ఎందుకు మానేసినాడు?" అని జెస్సీ అడిగింది.

ఆమె చేతిలో కట్టె అలాగే పట్టుకుని మా ఇద్దరి వైపూ చూసింది. "సచ్చిపోయినాడు గద తల్లీ" అంది.

జెస్సీ నా చెయ్యి పట్టుకుంది. ఆమే మాకు కూర్చోవడానికి మంచం వాల్చింది. "ఆస్పత్రి మాత్రలు వేడి చేస్తాయి, నిలిపేయమన్నారమ్మా డబ్బాలు అమ్మేటోళ్ళు. నిలిపేసినాడు. కాళ్ళు ఉబ్బినాయి. ఉబ్బింది జబ్బు బయటికి పోయేదానికే అన్న్యారు" అంది.

ఆమె ఒక్కతే కాదు హరితా. మానేసిన వాళ్ళలో కొందరు ఆస్పత్రుల్లో ఉన్నారు. కొందరు నరసమ్మ మొగుడిలా పోయారు. పోయినవాడిని 'మానేసినవాడు' అని రాసుకోవడానికి మనిషికి చెయ్యి ఎలా వస్తుందే? నేను ఆ ఊరి నుంచి వచ్చి స్నానం చేసినా ఒంటి మీద ఏదో అంటుకున్నట్టే ఉంది. ఫణికృష్ణ గారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. నువ్వు చెప్పు. వెంటనే చెప్పు. అమ్మేవాళ్ళ చేత మాత్రలు మానమని చెప్పించడం ముందు ఆపించు.

రేచల్


గిద్దలూరు,
సెప్టెంబర్ 15.

రేచల్,

నీ ఉత్తరం అందింది. ఆయనతో మాట్లాడాను. అమ్మకందార్లు ఏవేవో చెప్తారనీ, వాళ్ళని హెచ్చరిస్తామనీ అన్నారు. జబ్బు ముదిరిపోయాక మొదలుపెట్టినవాళ్ళకి ఏ మందు మాత్రం ఏం చేస్తుందని మామయ్య అన్నారు. అదీ నిజమే కదా. పూర్తిగా వాడనివాళ్ళని తీసేసి లెక్క కట్టడం చాలాచోట్ల ఉన్నదే, నీకు తెలియనిది కాదు.

నువ్వు ప్రతిదీ మనసుకి పట్టించుకుంటావు. హాస్టల్లో కూడా సాంబారులో పురుగు కనిపిస్తే వార్డెన్ గది ముందు గిన్నెతో నిలబడేదానివి. మేమందరం పురుగు తీసేసి తినేవాళ్ళం.

దసరాకి చీరలు తీయడానికి వెళ్ళాం. నాకు వంగపండు రంగు తీసుకున్నారు. అత్తయ్య నంద్యాలలోనే ఉన్నారు.

ఇలాంటి విషయాలు ఇకమీదట రాయకు.

హరిత


మార్కాపురం,
అక్టోబర్ 12.

హరితా,

రాయకు అన్నావు. రాస్తాను. చదవకపోతే చింపెయ్.

మొన్న మా కాలేజీలో సర్వే ఫలితాలు ప్రకటించిన సభలో నువ్వు ముందు వరసలో వంగపండు రంగు చీరలో కూర్చున్నావు. కాబట్టి అక్కడ జరిగింది నీకు చెప్పక్కర్లేదు. దానికి ముందు జరిగింది చెప్తాను.

నేను ఇచ్చిన రిపోర్టులో అందరూ ఉన్నారు. పూర్తిగా వాడినవాళ్ళు, మానేసినవాళ్ళు, పోయినవాళ్ళు. అందరినీ కలిపితే మేలు కనిపించినవాళ్ళు సగం కూడా లేరు. అసలు చూర్ణం ముట్టకుండా ఆస్పత్రి మాత్రలు వేసుకున్నవాళ్ళే వీళ్ళకన్నా నయంగా ఉన్నారు. పిల్లలు అది చాలా జాగ్రత్తగా లెక్క కట్టారు. సభ రోజు కాలేజీకి వెళ్తే గేటు పక్కన ఫ్లెక్సీ కట్టి ఉంది. 'నూటికి తొంభై రెండు మందికి నయం! శాస్త్రీయ సర్వే ఫలితం.' కింద నా ఫొటో, నా పేరు.

నరసింహులు గారి గదిలోకి పరిగెత్తాను. "సార్, ఇది నేను రాసింది కాదు" అన్నాను.

"నువ్వు రాసిందేనమ్మా. సచ్చినోళ్ళని తీసేసినాం, అంతే" అన్నాడు. "సచ్చినోళ్ళు పొడి తింటారా ఏంది?"

అని నవ్వాడు హరితా. ఆ గదిలో ఉన్న ఇద్దరు సీనియర్ లెక్చరర్లు కూడా నవ్వారు. వాళ్ళలో ఒకాయన నాకు కుర్చీ జరిపి, "కూర్చోమ్మా, కాలేజీకి కొత్త ల్యాబ్ ఇస్తాండారు, నువ్వు ఊరికే ఆగం చెయ్యబాక" అన్నాడు. నాకు వాంతి వచ్చింది. మాట వరసకి కాదు, వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి నిజంగానే చేసుకున్నాను.

ఆ తర్వాతే వేదిక ఎక్కాను. తొంభై రెండు అబద్ధమనీ, చనిపోయినవాళ్ళని తీసేసి కట్టిన లెక్క అనీ మైకులో చెప్పాను. నీ వైపే చూస్తూ చెప్పాను, నీకు అర్థమవుతుంది కాబట్టి. నాతో పాటు స్టాటిస్టిక్స్ పీజీ చేసినదానివి, నా పిల్లలు కాక ఆ సభలో ఆ లెక్క పూర్తిగా అర్థమయ్యేది నీకొక్కదానికే. నువ్వు గాజులు సర్దుకున్నావు. మైకు ఆగిపోయింది. మీ ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, నా ప్రసంగం అయిపోయిందనుకుని.

మరునాడు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, లోపలికి పంపొద్దన్నారని తల వంచుకుని చెప్పాడు. జెస్సీ వాళ్ళు సాయంత్రం మా ఇంటికి వచ్చి, సిలబస్‌లో మిగిలినవి ఇక్కడే చెప్పమని వరండాలో కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే సిగ్గేసింది. మనం ఎలాంటి మనుషుల చేతికి వీళ్ళని అప్పజెప్పాం అనిపించింది.

పురుగు తీసేసి తినేవాళ్ళం అన్నావు. తింటూ ఉండు.

రేచల్


రాచర్ల దగ్గర, మా చిన్నాన్న ఇంటి నుంచి,
నవంబర్ 18, ఉదయం.

హరితా,

నీకు మళ్ళీ రాస్తాననుకోలేదు. ఈ కాగితం తెస్తున్నది మా తమ్ముడు ఎబినేజర్, చిన్నాన్న కొడుకు. ఆటో నడుపుతాడు. నువ్వు కాలేజీలో ఉండగానే నీ చేతికిమ్మని పంపుతున్నాను. మీ ఊరు ఇక్కడికి దగ్గరే, నేనే రావచ్చు. మీ గుమ్మం తొక్కబుద్ధి కాలేదు.

మా సత్యానందం చిన్నాన్న నీకు గుర్తుండాలి. నాయన పోయాక నన్ను పీజీ దాకా చదివించింది ఆయనే. హాస్టల్‌కి వేరుశనగ కాయలు తెచ్చి నీకూ సగం ఇచ్చేవాడు. ఆయనకి కిడ్నీ జబ్బు ఉందని తెలుసు, ప్రభుత్వ ఆస్పత్రి మాత్రలతో నెట్టుకొస్తున్నాడు. నిన్న భాగ్యమ్మ పిన్ని ఫోన్ చేసి రమ్మంటే వచ్చాను. ముఖం ఉబ్బిపోయింది. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. తిన్నది ఇమడడం లేదు.

"మాత్రలు వేసుకుంటున్నావా చిన్నాన్నా?" అని అడిగాను.

"వాటితో పనేముంది బిడ్డా" అని దిండు కింద నుంచి మీ కరపత్రం తీసి చూపించాడు. దాని మీద నా ఫొటో. "నువ్వే లెక్క కట్టినావంట గదా. నాకు ఒక మాట చెప్పకపోతివి. మన బిడ్డ కట్టిన లెక్క మనమే నమ్మకుంటే ఎట్ల అని ఆ మాత్రలు నిలిపేసినా."

అది అబద్ధమని చెప్పాను. ఆయనకి సరిగ్గా తలకెక్కలేదు. ఫొటో నీదే గదా అంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కాగితం చర్చిలో అందరికీ చూపించాడట, మా రేచలమ్మ అని. ఇప్పుడు ఈ పల్లెలో నాలుగైదు ఇళ్ళలో మీ డబ్బాలున్నాయి. మూత తీస్తే యాలకుల వాసన. పాయసంలా ఉంది. ఆ వాసన నా బట్టలకి పట్టింది.

నా పేరు నాకు అసహ్యమైపోయింది హరితా. ఎక్కడ కనిపించినా గోరుతో గీకెయ్యాలనిపిస్తోంది.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆ పొడిలో ఏం కలుపుతారో డాక్టరుకి చెప్పాలి. మీ ఇంట్లో కనుక్కుని ఎబినేజర్ చేతికి రాసివ్వు. ఇది కూడా చెయ్యలేకపోతే జవాబు రాయకు.

రేచల్


గిద్దలూరు, కాలేజీ,
నవంబర్ 18.

రేచల్,

ఎబినేజర్ బయట ఆటో ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాడు. తొందరగా రాస్తున్నాను.

పొడిలో ఏం కలుపుతారో నాకు నిజంగా తెలియదు. ఒక డబ్బా ఇస్తున్నాను, డాక్టరుకి చూపించు. చిన్నాన్నని ఇప్పుడే, ఈ ఆటోలోనే నంద్యాల తీసుకెళ్ళు. స్టేషన్ రోడ్డులో డయాలసిస్ చేసే ఆస్పత్రి పేరు, పెద్ద డాక్టరు పేరు వెనక రాశాను. ఆయన మంచివాడు. నాకెలా తెలుసంటావేమో.

అత్తయ్య వెళ్ళేది ఆడపడుచుని చూడడానికి కాదు. వారానికి మూడుసార్లు అక్కడ డయాలసిస్ చేయించుకుంటారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే. చూర్ణం ఒక్క చెంచా కూడా ఆవిడ నోట్లో వేసుకోలేదు. వేసుకోనివ్వలేదు. మొదట్లో ఒకసారి ఆవిడే, మనది మనం వాడి చూద్దామా అంటే, "నీకేమైనా పిచ్చా?" అని మామయ్య కేకలేశారు. నేను పక్కనే అన్నం వడ్డిస్తున్నాను. కిడ్నీ అనే మాట మా దుకాణంలో పొద్దస్తమానం వినిపిస్తుంది, మా ఇంట్లో ఎవరూ అనరు.

అందుకే నీ ఉత్తరాలకి అలాంటి జవాబులు రాశాను. నీకు నా మీద అసహ్యం కలిగితే తప్పు లేదు. సాకు చెప్పడానికి టైము లేదు. చిన్నాన్నని బతికించుకో.

హరిత


నంద్యాల,
నవంబర్ 23.

హరితా,

చిన్నాన్న బతికాడు. మొదటి రెండు రోజులూ డాక్టరు ఏమీ చెప్పలేకపోయాడు. ఇక జీవితాంతం డయాలసిస్ తప్పదంటున్నారు. మాత్రలు మానకపోయి ఉంటే ఇంకొన్నేళ్ళు ఇది లేకుండానే గడిచేదట. నువ్వు ఆ రోజు పేరు రాసివ్వకపోతే మేం ఊళ్ళు తిరుగుతూనే ఉండేవాళ్ళం. అది నేను మర్చిపోను. మిగతావీ మర్చిపోను.

ఇవాళ జరిగింది నీకు తెలియాలి.

వార్డులో చిన్నాన్నకి యంత్రం పెట్టారు. పక్క మంచం మీద మీ అత్తగారున్నారు. నీ పెళ్ళిలో చూశాను కాబట్టి నేను గుర్తుపట్టాను. ఆవిడా నన్ను గుర్తుపట్టినట్టే ఉంది, ఫ్లెక్సీల మీద చూసి ఉంటారు. ఇద్దరం మాట్లాడుకోలేదు. చిన్నాన్నకి ఊరుకోవడం తెలియదు కదా, పక్కకి తిరిగి పలకరించాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"గిద్దలూరు."

"అట్లనా. మాది రాచర్ల కాడ. ఈమె నా అన్న బిడ్డ. కాలేజీలో పాఠాలు చెప్తాది." అంతలో గుర్తొచ్చినట్టు, "గిద్దలూరంటే ఆ చూర్ణం మీ ఊరిదే గదా. మీరు గూడ తిన్న్యారా అమ్మా? మీక్కూడా పడలేదా?" అన్నాడు.

ఎంత మంచిగా అడిగాడంటే, పొడి గొప్పదే, మన ఇద్దరి ఒళ్ళే దానికి తగినవి కావన్నట్టు అడిగాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. నర్సు వచ్చి ఆవిడ యంత్రం చూసి వెళ్ళింది.

"నేను తినలా" అన్నారు చివరికి.

"మంచిపని చేసినారు. డాక్టరు వద్దన్న్యాడా?"

"లేదు. ఆ దుకాణం మాదే."

చిన్నాన్న నన్ను చూశాడు, ఆవిడని చూశాడు. ఆయనకి నేను చెప్పినప్పుడు ఎక్కనిది ఇప్పుడు ఎక్కిందని ముఖంలో తెలిసిపోయింది. తిడతాడేమో అనుకున్నాను. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు.

"రేచలమ్మా" అన్నాడు. "ఆ తెర కొంచెం ఇట్ల లాగు బిడ్డా."

మంచాల మధ్య పచ్చ తెర ఉంటుంది కదా, అది లాగాను. అటువైపు నుంచి ఆవిడ ఏడుపు వినిపించింది. నాకు జాలి కలగలేదు. కలగనందుకు బాధా కలగలేదు.

నువ్వు ఇచ్చిన డబ్బా డాక్టరు మందుల ఇన్‌స్పెక్టరుకి పంపారు. నేనూ పిల్లల లెక్కలతో ఫిర్యాదు రాసిచ్చాను. జెస్సీ వాళ్ళు సంతకాలు పెడతామంటే వద్దన్నాను, పరీక్షలు ఆ నరసింహులు చేతిలో ఉన్నాయి. వద్దన్నా పెట్టారు.

రేచల్


గిద్దలూరు,
డిసెంబర్ 8.

రేచల్,

ఇప్పుడు నేను ఈ ఊళ్ళోనే మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. ఇక్కడికే రాయవచ్చు, ఫోన్ కూడా చేయవచ్చు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు అత్తయ్య సంగతి, డబ్బాలు అమ్మేవాళ్ళకి మాత్రలు మాన్పించమని నేర్పిన సంగతి చెప్పి సంతకం పెట్టాను. మా ఆయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నేను ఇల్లు వదిలి వచ్చేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

అధికారులు గోడౌనుకి తాళం వేశారు. అంతకు ముందు రోజే సగం సరుకు దర్శి వైపు వెళ్ళిపోయింది. అది షుగరు జబ్బు పొడి అని కొత్త లేబుళ్ళు అంటించి అమ్ముతారట. ఆ మాట కూడా ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, రాసుకున్నాడు. మా చూర్ణం కరపత్రంలో నీ పేరు తీసేసి, నరసింహులు గారి పేరు వేసి మళ్ళీ అచ్చు కొట్టారు. తొంభై రెండు అలాగే ఉంది. ఆ కాగితం చూసినప్పుడు, ఇన్నాళ్ళూ నీ ఉత్తరాల్లో నువ్వు రాసింది ఏమిటో నాకు ఒంట్లో తెలిసింది. అన్నం సహించలేదు.

అత్తయ్య గురించి నీకు చెప్పాలి. మీరు తెర లాగిన రోజు ఆవిడ ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు స్నానం చేసి తిన్నగా దుకాణానికి వెళ్ళి గల్లాపెట్టె పక్కన కూర్చున్నారు. ఎవరు వచ్చి చూర్ణం అడిగినా, "అది పనిచెయ్యదు, ఆస్పత్రికి పో" అంటున్నారు. మామయ్య బతిమాలారు, తర్వాత అందరి ముందూ తిట్టారు, చివరికి షట్టరు దించేశారు. ఆవిడ కుర్చీ బయట వేయించుకున్నారు. ఆస్పత్రికి వెళ్ళని రోజుల్లో అక్కడే ఉంటున్నారు. బజారంతా వచ్చి చూసిపోతోంది. పిచ్చెక్కిందని మావాళ్ళే ప్రచారం చేస్తున్నారు.

నిన్న నేను అటు వెళ్ళాను. చంద్రశేఖరపురం పక్క పల్లె నుంచి ఎలీషబా అనే ఆమె వచ్చి ఉంది. రెండు బస్సులు మారి వచ్చిందట, కొడుకు కోసం. షట్టరు చూసి అక్కడే కూలబడింది. అత్తయ్య చెప్పేది వింటోంది కానీ నమ్మడం లేదు.

"అట్ల అనొద్దమ్మా. మా ఊళ్ళో ఒకామెకి తగ్గింది. కాలేజీ వాళ్ళు గూడ రాసినారు గదా. ఒక్క డబ్బా, లోపల యాడన్నా ఉంటే చూడమ్మా" అని అత్తయ్య కాళ్ళు పట్టుకోబోయింది.

అత్తయ్య ఆమెని లేపి తన పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు. రవిక చెయ్యి పైకి లాగారు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన నరం మోచేతి దగ్గర తాడులా ఉబ్బి ఉంటుంది, సూది గుచ్చిన మచ్చలతో. నేను కూడా ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఎలీషబా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించుకున్నారు.

"ఈ పొడి అమ్మేటోళ్ళ ఇంటిదాన్ని నేను. నాకు రోజు విడిచి రోజు ఇక్కడ సూదులు గుచ్చుతారు. చూడు, ఎట్ల కొట్టుకుంటాందో."

ఆ నరం లోపల రక్తం గుర్రుమని అదురుతూ ఉంటుంది రేచల్. ఎలీషబా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత మళ్ళీ తనే పెట్టి చూసింది. చాలాసేపు అలాగే పెట్టుకుని కూర్చుంది.

"నా బిడ్డకి ఏ ఆస్పత్రి అమ్మా?" అని అడిగింది.

హరిత